ఒక్క గిన్నె

మాఘమాసమున, మిరపకోతలు ముమ్మరముగా సాగుచున్న యొక శనివారమునాడు, గుంటూరులో నంద్యాల పోవు పాసింజరు బండి యెక్కితిని. నల్లపాడు దాటినది మొదలు ఇరుప్రక్కల కళ్ళములలో ఎండబోసిన మిరపకాయలు ఎఱ్ఱని దుప్పట్లు పరచినట్లుండెను. ప్రత్తిచేలలో కడపటి తీత జరుగుచుండెను. గాలి నిండ కారమే. నాకెదురుగా కూర్చున్న యొక యిల్లాలి యొడిలో పసివాడు ఆగకుండ తుమ్ముచుండగా ఆమె కొంగుతో వాని ముక్కు తుడిచి, "మిరపల కాలం గదండీ, మావాడికి ఏటా ఇంతే" అని నవ్వెను.

నా ప్రయాణమునకు కారణము ఒక యుత్తరము. గుంటూరులో నాతో కలసి చదివిన స్నేహితురాలొకతె గిద్దలూరి ప్రాంతమున నొక గ్రామములో కాపురమున్నది. ఆమె నర్సు పని చేయుచున్నది. క్రైస్తవురాలు. "మా యింట అత్తకోడండ్ర తగవు మా సంఘమంతటికిని పాకినది. తగవు నగలనుగూర్చియు గాదు, పొలమునుగూర్చియు గాదు, గుడిలోని గిన్నెనుగూర్చి. ఈ ఆదివారము పాటలతో సంస్కారపు ఆరాధన జరుగును. వచ్చి చూడుము" అని వ్రాసినది. అత్తకోడండ్ర తగవనగా ఏ స్త్రీకి మాత్రము వినవలెనని యుండదు! వెంటనే బయలుదేరితిని.

ఆ దారియే యొక చరిత్ర. గుంటూరులో 1842లో అమెరికానుండి వచ్చిన హయ్యరు దొర లూథరు మతశాఖను నాటెను. ఫిరంగిపురములో రోమను కతోలికుల గొప్ప దేవాలయము రైలులోనివారికి సుపరిచితము. తూర్పున ఒంగోలు ప్రాంతమంతయు బాప్తిస్టులది. అచ్చటనే, 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును పీడించిన కరవు తరువాత, 1878 జూలై 3వ తేదీన వెలంపిల్లియొద్ద గుండ్లకమ్మ యేటిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ గుండ్లకమ్మయే నల్లమలలో పుట్టి కంభము చెరువును నింపి తూర్పునకు పోవుచున్నది. నేను మాత్రము దానికెదురుగా పడమటికి పోవుచుంటిని.

వినుకొండ వచ్చినప్పుడు జాషువ కవిగారు తలపునకు వచ్చిరి. ఆ యూరివారే గదా. గుడిలోనికి పోలేని మనుష్యుడు తన మొరను శివునికి విన్నవింపుమని గబ్బిలమును వేడుకొన్న కావ్యము 1941లో వెలువడినది. కిటికీనుండి కొండను చూచుచు, గుడిలోనికి పోగలిగినవాని కష్టములనుగూర్చి యెవ్వరైన కావ్యము వ్రాసిరా యని యనుకొంటిని. అది ఊరక పుట్టిన తలంపు. మరునాటికి దానికొక ముఖము వచ్చినది.

గిద్దలూరు నేడు చాలమందికి ప్రకాశము జిల్లాతో ముడిపడినదిగానే తెలియును గాని, 1970కి పూర్వము కర్నూలు జిల్లాలోనిది. ఆ ప్రాంతపు క్రైస్తవులలో పెక్కుమంది ఇంగ్లండు దేశపు సంఘపద్ధతి ననుసరించినవారు. దీనినే ఆంగ్లికను సంప్రదాయమందురు. రోమనులవలె మండలాధ్యక్షులైన బిషప్పులును, వ్రాతపూర్వకమైన ప్రార్థనపుస్తకమును, సంవత్సరమంతటికి పండుగల పట్టికయు వీరికి గలవు. కాని ఆరాధన లాటిను భాషలోగాక ప్రజల భాషలోనే జరుగవలెననునది వీరి మూలసూత్రము. మచిలీపట్టణమునకు 1841లో వచ్చిన నోబులు, ఫాక్సు దొరలది ఈ సంప్రదాయమే. కడప, కర్నూలు వైపు వేరొక ఆంగ్లికను సమాజము పనిచేసినది. పిమ్మట ఈ ప్రాంతమంతయు దోర్నకలు మండలములో చేరినది.

దోర్నకలనగానే అజరయ్యగారి పేరు చెప్పవలెను. తిరునల్వేలి సీమలో 1874లో పుట్టిన ఈయన 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తుడై, ఆంగ్లికను సంఘమున ఆ పదవినందిన మొదటి భారతీయుడయ్యెను. తమిళుడైనను తెలుగు నేర్చి, తెలుగు పల్లెలలో ఎండనక వాననక తిరిగెను. 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠింపబడిన ఆయన దోర్నకలు దేవాలయములో మన గుళ్ళ స్తంభములును, మహమ్మదీయుల కట్టడములలోని గుమ్మటములును కలసి కనబడును. గోపురములు పైకెత్తి చూపు ఇంగ్లండు గుడిని ఇక్కడికి మోసికొని రావలసిన పని లేదని ఆయన యభిప్రాయము. పాటలలోనింతే. పురుషోత్తమ చౌదరిగారు 1803లో పుట్టి 1890లో గతించులోపల రచించిపోయిన తెలుగు కీర్తనలు ఇంగ్లీషు రాగములకు వంచిన పాటలకంటె పల్లెలలో త్వరగా పాకినవి.

రాత్రి భోజనమైన తరువాత నా స్నేహితురాలు నన్ను గుడికి తోడుకొనిపోయెను. మరునాటి పాటలను గాయకులు సాధనచేయుచుండిరి. స్త్రీలెనిమిదిమంది, పురుషులు నలుగురు, ఒక హార్మనీ పెట్టె, డోలకు, రెండు జతల తాళములు. స్త్రీలలో ఆరుగురు ఆ పగలంతయు మిరపకాయలు కోసివచ్చినవారే. కారపు ఘాటుకు గొంతులు గరగరలాడుచుండెను. పటికబెల్లము, మిరియాలు కలిపి బుగ్గను పెట్టుకొని, దగ్గు వచ్చినప్పుడు ప్రక్కవారి భుజమున ముఖము దాచుకొని పాడుచుండిరి. ముగ్గురికి చదువు రాదు. పాటయంతయు కంఠస్థమే. గోడకు వ్రేలాడుచున్న పలకమీద మరునాటి కీర్తనల సంఖ్యలు సుద్దతో వ్రాసియుండెను. ఆ పలక మార్కాపురపుదే. మనమందరము ఓనమాలు దిద్దిన పలకలు పుట్టిన ఊరు అక్కడికి ఎంతో దూరము లేదు.

పాటలతో సంస్కారమనగా నేమో చదువరులకు కొంచెము చెప్పవలెను. యేసు తన మరణమునకు ముందటి రాత్రి శిష్యులతో కూర్చుండి రొట్టెను విరిచి యిచ్చి, ద్రాక్షరసపు గిన్నెను త్రాగుమని యందిచ్చెను. దానిని స్మరించి చేయు భోజనమే సంస్కారము. దీనిని మాటలతో చదివి ముగింపవచ్చును. పాటలతో జరిపినప్పుడు అయిదు గీతములు ముఖ్యములు: కరుణను వేడునది, దేవుని మహిమను పొగడునది, విశ్వాసప్రమాణము, పరిశుద్ధుడని కొనియాడునది, దేవుని గొర్రెపిల్లను సంబోధించునది. ఇవి యూరపులో వేయేండ్లకు పైబడినవి. మహావిద్వాంసులనేకులు వీనికి వరుసలు కట్టిరి. గొప్ప దేవాలయములలో గాయకులే యీ యయిదింటిని పాడుదురు. ప్రజలు వినుచుందురు. సంగీతమునకది మేలే గాని, విందుకు పిలిచి వంటవారి నైపుణ్యమును చూచిపొమ్మన్నట్లుండునని నాకు తోచును.

ఇంగ్లండులో 1549లో ప్రార్థనపుస్తకము ఇంగ్లీషున వెలువడినప్పుడు ఈ చిక్కే వచ్చినది. మాటలు ప్రజలవైనవి, రాగములో? విండ్సరులో వాద్యకారుడైన జాన్ మార్బెక్కు 1550లో ఒక పుస్తకము ప్రకటించెను. ఒక్కొక్క అక్షరమునకు ఒక్కొక్క స్వరము, అంతే. గమకములు లేవు, పలుగొంతుల చిక్కుముడులు లేవు. ఈతడు అంతకు ఏడేండ్ల ముందు మతద్రోహి యని మరణశిక్షకు పాత్రుడై, రాజు క్షమింపగా బ్రదికినవాడు. 1552లో ప్రార్థనపుస్తకము మారుటతో ఆ వరుసలు మూలబడెను. మూడువందల యేండ్లకు మరల వెలికివచ్చి, ఇంగ్లీషు మాటలాడు దేశములన్నిట చిన్న గుళ్ళకు ఆధారమయ్యెను.

ఆ వరుసలలో ఒకటి రెండు ఈ గ్రామమునకును వచ్చినవి. కాని తెలుగు మాట ఇంగ్లీషు మాటవలె పొట్టిది గాదు. ఒక్క స్వరమునకు ఒక్క అక్షరమైనచో మన క్రియాపదము ముగియులోపల పాట ముగిసిపోవును. అందుచేత ఈ స్త్రీలు దానిని సాగదీసి, వంచి, చివర నొక చిన్న విరుపు చేర్చిరి. కరుణను వేడు గీతము ఇంగ్లీషు వరుసగా మొదలై, రెండవ పాదమునకు మన పొలములోని కోతపాట చాయకు దిగినది. "ఇది మార్బెక్కుదా, మీదా?" అని యడిగితిని. హార్మనీ వాయించు పిల్ల నవ్వి, "మా నాయనమ్మ పాడినట్టే పాడుతున్నామండీ" అనెను. మార్బెక్కు పేరు ఆమె యెన్నడును వినలేదు.

ఆదివారము ఉదయము తొమ్మిదింటికి గంట మ్రోగెను. చాపలపై ఒక ప్రక్క స్త్రీలు, ఒక ప్రక్క పురుషులు. వెనుక వృద్ధులకు కొన్ని కుర్చీలు. నన్నచ్చట కూర్చుండబెట్టిరి. స్త్రీలందరు తలపై కొంగు కప్పుకొనిరి. ముందు ఒక బాలిక బైబిలును రెండుచేతులనెత్తి పట్టుకొని నడిచెను. వెనుక గాయకులు, వారి వెనుక తెల్లని నిలువుటంగీ తొడిగి పచ్చని పట్టీ వేసికొన్న అయ్యగారు. శ్రమదినములు ఇంకను మొదలుకాలేదు గనుక మహిమగీతమును పాడిరి. ఆ దినములు వచ్చినచో పునరుత్థానపు పండుగవరకు దానిని మానివేయుదురట. మన యిళ్ళలో కొన్ని మాసములందు కొన్ని కూరలు మానినట్లు, వీరొక పాటకు ఉపవాసము పెట్టుదురు.

గాయకులు ఎత్తుకొనగా రెండవ మాటకు గుడియంతయు అందుకొనుచుండెను. చంటిబిడ్డకు పాలిచ్చుచున్న తల్లి పాడుచుండెను. గోడకు చేరగిలబడి కన్నులు మూసికొన్న ముదుసలి పాడుచుండెను. విశ్వాసప్రమాణము చాల దీర్ఘమైనది. చదువురాని స్త్రీలు ఒక్క మాట తడబడక పాడుట చూచి, లలితాసహస్రనామము నోటికి వచ్చిన మా మేనత్త జ్ఞాపకమునకు వచ్చినది. పుస్తకము చేతబట్టినవారే అక్కడక్కడ తప్పిరి.

ప్రసంగమునుగూర్చి చెప్పదగినది లేదు. కొంచెము దీర్ఘమైనది.

తరువాత కానుకలు. పళ్ళెములో నోట్లు, నాణెములు వేసినవారు వేయగా, స్త్రీలు వరుసగా వచ్చి మూటలలోని బియ్యమును ఒక గంపలో పోసిరి. దినదినము వంటకు బియ్యము కొలిచినప్పుడెల్ల ఒక పిడికెడు తీసి వేరు కుండలో వేసి, ఆదివారము తెచ్చుట వీరి యాచారము. ఇది దక్షిణదేశపు సంఘములలో చాలకాలమునుండి యున్నది. ఇల్లాలి చేతిలో డబ్బు లేకున్నను బియ్యపు కొలత ఆమె చేతిలోనిదే గదా! పల్లెలలో ఎన్ని గుళ్ళ గోడలు ఈ పిడికిళ్ళతో లేచినవో.

అయ్యగారు బల్లకు ఆవలితట్టున ప్రజలకు ఎదురుగా నిలువబడి, ప్రక్కనున్నవారి చేతులను తన రెండుచేతులనడుమ నుంచి సమాధానమును అందిచ్చెను. వారు తమ ప్రక్కవారికి, వారు మరియొకరికి. ఈ మర్యాద కేరళలోని సురియాని క్రైస్తవులనుండి వచ్చినది. దక్షిణ ఇండియా సంఘము 1950లో కూర్చిన క్రొత్త ఆరాధనక్రమములో దీనిని చేర్చుకొన్నది. నా ప్రక్క ముదుసలి నా చేతులను పట్టుకొని, "కళ్ళు మాత్రం తుడుచుకోకు తల్లీ, నిన్న మిరపకాయ తొడిమలు తీశాను" అని మెల్లగా చెప్పెను. చెప్పునప్పటికే నా వ్రేళ్ళు చురుక్కుమనుచుండెను. ఈ కారము సబ్బునకు పోదు. వెన్న రాచినను, మజ్జిగలో ముంచినను రెండుమూడు జాములుండును. ఈ చేతులతోనే వీరు బిడ్డలను ఎత్తుకొనవలెను, వండవలెను, దేవుని యెదుట దోసిలి పట్టవలెను.

ఆ ముదుసలియే నా స్నేహితురాలి అత్తగారు.

ఇక గిన్నె మాట. వెండిది, లోపల బంగారు పూత. రొట్టె తీసికొన్న తరువాత దానిని ఒకరి తరువాత నొకరు పెదవులకానించి ఒక గ్రుక్క త్రాగుట ఆంగ్లికను ఆచారము. అయ్యగారు ప్రతిసారి అంచును తెల్లని గుడ్డతో తుడిచి, గిన్నెను కొంచెము త్రిప్పి, తరువాతివారికి అందించును. 2020లో కరోనా మహమ్మారి వచ్చినప్పుడు ఇంగ్లండు సంఘముతో సహా అనేక సంఘములు ఆ యాచారమును నిలిపివేసెను. ఈ గ్రామములోను నిలిచెను. తరువాత, వ్యాధి తగ్గినమీదట, ఒక్కొక్కరికి ఒక్కొక్క చిన్న గాజుపాత్ర తెప్పింతమని కొందరును, పాత గిన్నెయే కావలెనని కొందరును రెండు పక్షములైరి. చిన్నపాత్రల పక్షమునకు నా స్నేహితురాలు పెద్ద. గిన్నె పక్షమునకు ఆమె అత్తగారు.

నేను మొదట నర్సు పక్షమే. చదివినదానను గనుక ఎంగిలి గిన్నె యనగానే నా మనస్సు ముడుచుకొన్నది. ఈ చిన్నపాత్రలు నేటివి గావు. సూక్ష్మక్రిములనుగూర్చి లోకమునకు తెలిసిన క్రొత్తలో, 1890ల దశకమున అమెరికాలో ఇవి వాడుకలోనికి వచ్చినవి. బాప్తిస్టులును, మరికొన్ని శాఖలవారును వీనినే వాడుదురు. నా స్నేహితురాలు తన పక్షమును నిజాయితీగా చెప్పినది: "క్షయ గాలివలన వచ్చును గాని గిన్నెవలన రాదు. ఆ భయము పెట్టి గెలువజూచుట నాకిష్టము లేదు. సంస్కారపు గిన్నెవలన ఫలానా రోగము వ్యాపించినదని రుజువైన సందర్భము తెలియదని 1998లో అమెరికా వైద్యులు వ్రాసిరి. అయినను జలుబు, నోటిపూతలు, జ్వరములు ఎందుకు రాకూడదు? గుడ్డతో తుడిచినంతమాత్రమున క్రిములు చచ్చునా? ముసలివారి ఊపిరితిత్తులు నేను చూచుచున్నాను."

ఈ మాటలకు బదులేమున్నది? అత్తగారిని అడిగితిని. ఆమె బదులు చెప్పలేదు. తన తల్లి కథ చెప్పినది.

ఆమె తల్లి నాటికి ఆ యూర మాలపల్లె వేరు, మాదిగపల్లె వేరు. నీటికి రెండు బావులు. ఊరివారి బావి ఇరువురికిని అందనిది. ఊరివారు వీరినిద్దరిని దూరముంచిరి సరే, వీరిలో వీరు ఒకరినొకరు దూరముంచిరి. రెండు పల్లెలవారును క్రైస్తవులైరి. గుడి నడుమ కట్టిరి. పాట కలసినది, ప్రార్థన కలసినది, గిన్నెయొద్ద ఆగినది. ఒక పల్లెవారు త్రాగిన తరువాత రెండవ పల్లెవారు త్రాగము పొమ్మనిరి. వేరు గిన్నె పెట్టుమనిరి. ఆనాటి అయ్యగారు వినలేదు. మగవారు చాప విదలించుకొని లేచిపోయిరి. ఏడాదిపాటు రాలేదు.

"మా అమ్మే ముందు వెనక్కి వచ్చింది" అని ముదుసలి చెప్పినది. "మా నాన్న కొట్టబోయాడు. 'నీ అయిదుగురు బిడ్డల్నీ ఆ పల్లె మంత్రసానే గదా పట్టింది! ఆమె చెయ్యి పనికొచ్చింది, ఆమె తాగిన గిన్నె పనికిరాదా?' అంది. ఆ ఆదివారం మంత్రసాని తరవాత మా అమ్మ మోకరించి తాగింది. ఇంకో వారానికి నలుగురు ఆడవాళ్ళు వచ్చారు. మగవాళ్ళు పంటల పండక్కి వచ్చారు."

ఇది ఒక్క ఊరి తగవు గాదు. తంజావూరు ప్రాంతపు సంఘములలో కులభేదము గిన్నెవరకు వచ్చియుండగా, కలకత్తా బిషప్పు డేనియలు విల్సను 1833లో దానిని విడువవలసినదే యని ఆజ్ఞాపించెను. పెక్కుమంది సంఘమునే విడిచిపోయిరి. అజరయ్యగారు తన మండలములో మాల మాదిగల యైకమత్యమునకై జీవితమంతయు పాటుపడెను. గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1922లో "మాలపల్లి" నవలను వెలువరించిన కాలమున పల్లెలలో ఈ చిన్న యుద్ధములు జరుగుచునే యున్నవి. వానిలో గెలిచిన స్త్రీల పేర్లు ఏ పుస్తకములోను లేవు.

నా సంగతియు నొకటి చెప్పి ముందుకు పోయెదను. మా చిన్ననాట మా యింటి వెనుక చూరులో ఒక సత్తులోటా బోర్లించియుండెడిది. కూలివారు వచ్చినప్పుడు దానిలో మంచినీళ్ళు పోసెడివారము. వారే కడిగి మరల చూరులో పెట్టిపోవలెను. ఒకనాడు దాహమై నేను దానిని తీసి నీళ్ళు ముంచుకొనగా మా నాయనమ్మ చేతిలోనిది లాగివేసినది. ఎంగిలి యనిన మాటకు మా యింట రెండర్థములున్నవని నాకప్పుడు తెలియదు. ముదుసలి కథ విను నప్పుడు ఆ లోటా నా కన్నులయెదుట నుండెను. నర్సు పక్షమునుండి నేను లేచిపోలేదు గాని, మునుపటివలె స్థిమితముగా కూర్చుండలేకపోతిని.

అయ్యగారును సంఘపు పెద్దలును ఆ వారమునకు చేసిన యేర్పాటిది. గిన్నె ఒక్కటే. త్రాగదలచినవారు త్రాగుదురు. వలదన్నవారికి అయ్యగారే రొట్టెను రసములో ముంచి దోసిట వేయును. ఎవరికి వారు ముంచుకొనుట మాత్రము కూడదు. కారణము శాస్త్రము గాదు. క్రిందటి మాసము అట్లు చేయనిచ్చి చూచిరట. మిరపకోత వ్రేళ్ళు పదునైదు మునుగునప్పటికి చివరివారికి రసము మంటయెత్తి, ఒక పెద్దమనుష్యుడు బల్లయొద్దనే దగ్గి దగ్గి కూలబడెను! జలుబు, దగ్గు, నోటిపూత యున్నవారు చివర రావలెను, లేదా రొట్టెతో తృప్తిపడవలెను. ఇది నా స్నేహితురాలు పట్టుబట్టి చేర్పించిన షరతు.

గొర్రెపిల్ల గీతమును ఎత్తుకొనిరి. ఈ పాటకు ఇంగ్లీషు వరుస ఏమియు మిగులలేదు. మోహనరాగపు చాయలో, డోలకు లేక, తాళములు మాత్రము సన్నగా పలుకుచుండ, పాట నడుచుచుండెను. జనము వరుసలు కట్టి వచ్చి మోకరించుచుండిరి. ఎడమచేతిపై కుడిచేయి నుంచి అరచేయి చాచుదురు. ఆ యరచేతులు చూచితిని. కొన్ని మిరపకాయలవలన ఎఱ్ఱబారినవి, కొన్ని ప్రత్తికాయల మొనలు గీరి చీలినవి. ఒక కళాశాల విద్యార్థిని గోళ్ళకు రంగు. ఒక మాష్టరుగారి వ్రేళ్ళకు సుద్ద. అత్తగారు మోకరించి గిన్నె అంచును రెండువ్రేళ్ళతో పట్టుకొని త్రాగెను. ప్రక్కనే కోడలు మోకరించి, ముంచిన రొట్టెను తీసికొనెను. లేచునప్పుడు అత్తగారికి మోకాలు పట్టుకొనగా కోడలు చంకక్రింద చేయివేసి లేపెను. ఇద్దరును ఒకరి ముఖమొకరు చూచుకొనలేదు.

బాప్తిస్మము లేని నాకు గిన్నె రాదు. చేతులు కట్టుకొని వచ్చినచో ఆశీర్వచనము చెప్పుదురనిరి గాని, నేను నా కుర్చీయందే యుంటిని.

వీరి సంఘచరిత్రలో ఒక వింత గలదు. 1947 సెప్టెంబరు 27వ తేదీన మదరాసులో ఆంగ్లికనులు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియనులు, కాంగ్రిగేషనలువారు కలసి దక్షిణ ఇండియా సంఘమైనప్పుడు, ఆ యైక్యమును 1919 మేలో తరంగంబాడిలో మొదలుపెట్టినవారిలో నొకరైన అజరయ్యగారు జీవించిలేరు. 1945 జనవరి 1వ తేదీన గతించిరి. ఆయన మండలములోనిదేయైన నంద్యాల ప్రాంతము మాత్రము మా పాత పద్ధతి మాకు చాలునని ఆ యైక్యములో చేరక చాలయేండ్లు వేరుగా నుండి, తరువాత చేరినది. పాతను అంత పట్టుదలతో పట్టుకొన్న ఆ నంద్యాల మండలమునకే 2013 సెప్టెంబరులో ఎగ్గోని పుష్పలలితగారు బిషప్పుగా అభిషిక్తురాలయ్యెను. దక్షిణ ఇండియా సంఘమున ఆ పదవినందిన మొదటి స్త్రీ ఈమెయే. అత్తగారు ఈ మాట చెప్పునప్పుడు ఆమె ముఖము వెలిగినది. "ఆడమనిషి చేతి గిన్నె తాగము అన్నవాళ్ళూ ఉన్నారమ్మా" అని, ఒక్క క్షణమాగి, "వాళ్ళూ తాగారు" అనెను.

ఆరాధన ముగిసి జనము వెలుపల చెట్టుక్రింద తేనీరు త్రాగుచుండిరి. నాకును ఒక స్టీలు గ్లాసుతో ఇచ్చిరి. కొంచెము చల్లారనిచ్చి త్రాగితిని. లోపల అయ్యగారి భార్యయు, మరియొక స్త్రీయు బల్లయొద్ద నుండిరి. గిన్నెలో మిగిలినదానిని అయ్యగారు త్రాగిరి. స్త్రీలు దానిలో నీరు పోసి తొలిచి, ఆ నీటిని మురికికాలువలో పోయక వెలుపలికి తెచ్చి, గోడవారనున్న మందారము మొదట పోసిరి. ఒక్క చుక్కయు త్రోవలో పడకుండ నడిచిరి. తరువాత కోడలు గిన్నెను చేతికి తీసికొని, వెలుతురున త్రిప్పి చూచి, వేడినీళ్ళతో మరియొకసారి కడుగవలెనని చెప్పుచుండెను. అత్తగారు అప్పటికే నీళ్ళు కాచుటకు పొయ్యి యంటించుచుండెను.